కంపెనీవాడు ఎక్కువ పెట్టిన స్క్రూ

ఫ్యాన్లకూ మోటార్లకూ వైండింగ్ చేసే ఆయన్ని ఆ వీధిలో అందరూ మిగులు మేస్త్రి అంటారు. పేరు పెట్టిందెవరో తెలియదు కానీ, పెట్టించుకున్నది మాత్రం ఆయనే. ఏ వస్తువు విప్పినా, బాగుచేసి మళ్ళీ బిగించాక బల్ల మీద ఏదో ఒకటి మిగిలిపోతుంది. ఒక స్క్రూ, ఒక వాషరు, రోజు మరీ బాగాలేకపోతే ఒక స్ప్రింగు. "ఇదేంటి మేస్త్రీ?" అని వస్తువు తెచ్చినవాళ్ళు కంగారుపడితే, ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసి, "కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు" అని తీర్పు చెప్పి, పక్కనున్న పాత బిస్కట్ల డబ్బాలో పడేసేవాడు. ఆ డబ్బాలో ఉన్నవాటితో ఇంకో ఫ్యాను తయారవుతుందని, రెక్కలొక్కటే కొనాలని ఆయన భార్య లెక్క.

న్యాయంగా చెప్పాలంటే ఫ్యాన్ల విషయంలో ఆయన చేతికి వంక పెట్టలేం. తీగ చుట్టు మీద చుట్టు పడుతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. వార్నిష్ ఆరేదాకా ఎంత పెద్దమనిషి వచ్చి తొందరపెట్టినా మూత బిగించడు. ఈ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పాడైన ఫ్యాన్లే నేర్పాయి. మాటలు చెప్పేవాడి దగ్గర కన్నా కాలిపోయిన కాయిల్ దగ్గర ఎక్కువ నేర్చుకోవచ్చని ఆయన నమ్మకం. అక్కడితో ఆగి ఉంటే మేస్త్రి అనే పేరు ముందు ఆ 'మిగులు' చేరేది కాదు. ఆగలేదు. ఇస్త్రీపెట్టె, గడియారం, కుట్టుమిషను, పక్కింటివాళ్ళ తలుపు గంట, మూత అనేది ఉన్న వస్తువు కనబడితే చాలు, ఆయన వేళ్ళకు దురదగుంటాకు పూసినట్టు ఉంటుంది.

ఆయన పనికి ఒకే ఒక్క పూర్తి అభిమాని ఉండేది. కూతురి కూతురు. చిన్నది, కానీ ప్రతి మాటకూ ఎదురు ప్రశ్న వేస్తుందని ఇంట్లో లాయరమ్మ అని పిలుస్తారు. దాని తమ్ముడు గుండు. వాడికి ప్రశ్నలు తక్కువ, అరుపులు ఎక్కువ. ఆదివారం మేస్త్రి కూతురింటికి వెళ్ళేసరికి లాయరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉండేది. చెయ్యి ఊడిన బొమ్మ, మోగని సైకిల్ గంట, పెన్సిలు చెక్కే మర, తన స్నేహితురాళ్ళ ఇళ్ళలో పాడైనవి కూడా వరుసగా పరిచి ఉంచేది. "మా తాతయ్య ఏదైనా బాగుచేస్తాడు" అని బడిలో చెప్పుకునేది. మిగిలిన స్క్రూల సంగతి దానికి తెలియదని ఆయన ధీమా. మేస్త్రి జాగ్రత్తగా జేబులో వేసుకునేవాడు.

ఇలా ఉండగా ఏనుగు వచ్చింది.

రేకు ఏనుగు. కీ ఇస్తే నడుస్తుంది, నడుస్తూ డోలు వాయిస్తుంది. అల్లుడు పని మీద పట్నం వెళ్ళి, అక్కడ పేరుమోసిన బొమ్మల కొట్టులో కొని తెచ్చాడు. కొన్నాళ్ళకు నడక నడుస్తూనే ఉంది కానీ డోలు ఆగిపోయింది. లాయరమ్మ తాతయ్యకు ఇచ్చింది. తాతయ్య విప్పాడు. డోలు వాయించే చేతి కింద పళ్ళచక్రం జారిందని పట్టేశాడు, దాన్ని కూర్చోబెట్టాడు. ఎలాగూ విప్పాం కదా అని కాళ్ళు కూడా ఊడదీసి, తుడిచి, నూనె వేశాడు. ఎవరూ అడగలేదు. అడగని పని చెయ్యడం ఆయన ఇచ్చే ఉచిత సేవ.

బిగించి, కీ ఇచ్చి నేల మీద పెట్టాడు. డోలు దివ్యంగా మోగింది. ఏనుగు మాత్రం వెనక్కి నడిచింది.

మేస్త్రికి కారణం వెంటనే తెలిసింది. పాదాల కింద ఒకవైపే తిరిగే చిన్న చక్రాలున్నాయి. కుడి ఎడమలు మారిపోయాయి. ఫ్యాను ఎదురు తిరిగితే కనెక్షన్ మార్చి, ఇంటివాళ్ళు చూసేలోపు సరిచేసేయొచ్చు. ఏనుగుకు కనెక్షన్ ఉండదు. పైగా బల్ల మీద ఒక స్క్రూ నిలబడి ఆయన్నే చూస్తోంది.

"కంపెనీవాడు..." అని మొదలుపెట్టాడు. లాయరమ్మ మొహం చూసి ఆ మాట సగంలోనే మింగేశాడు.

"తాతయ్యా, వెనక్కి వెళ్తోంది."

"అవునమ్మా, వెనక్కి నడిచే ఏనుగు ఇంకెవరి దగ్గరుందో చెప్పు?"

"ఎవరి దగ్గరా ఉండదు. వాళ్ళ ఏనుగుల్ని ఎవరూ పాడుచెయ్యలేదుగా."

"మళ్ళీ ఇయ్యి తల్లీ, పాదాలు మార్చితే చాలు."

"వద్దు. ఈసారి అసలు నడవదు."

ఏనుగును గుండెకు హత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు తనూ వచ్చి, వంటగదిలోంచి అంతా వింటున్న మేస్త్రి భార్య, "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది" అంది. "ఏనుగు చచ్చినా బతికినా వెయ్యి అంటారు. మీ చేతిలో పడ్డాక మాత్రం ఎంతో చెప్పలేం."

పై ఆదివారం గుమ్మంలో ఎవరూ లేరు. బొమ్మల గది తలుపు గడియ వేసి ఉంది. మేస్త్రి తట్టాడు. "బొమ్మలు పడుకున్నాయి" అని లోపల్నించి జవాబు వచ్చింది. ఆ పై వారం కూడా పడుకునే ఉన్నాయి. పెన్సిలు చెక్కే మర మళ్ళీ తిరగడం మానేస్తే పుస్తకాల కొట్టువాడికి చూపించమందట. వాడు చూసి, కొత్తది కొనుక్కోమన్నాడట. ఈ సంగతి కూతురు నవ్వుతూ చెప్పింది కానీ మేస్త్రికి అన్నం సయించలేదు. వీధిలో వందమంది మిగులు మేస్త్రి అన్నా దులిపేసుకోగలడు. వేలెడంత మనవరాలు తన బొమ్మను ఆయనకు కనపడకుండా దాచుకోవడం మాత్రం దులపడానికి రావడం లేదు.

కొత్త ఏనుగు కొనిపెడితే తలుపు తెరుచుకుంటుందని ఆయనకు తోచింది. అదే పట్నం, అదే కొట్టు, అదే ఏనుగు. పిల్లలిద్దర్నీ తీసుకెళ్తానన్నాడు.

బయల్దేరే రోజు ఉదయం భార్య వాకిలికి అడ్డంగా నిలబడింది. "జేబులు చూపించండి."

"ఏంటే, నేనేమన్నా..."

"చూపించండి అంటున్నా."

చొక్కా జేబులోంచి ఒక చిన్న స్క్రూడ్రైవర్, పంట్లాం జేబులోంచి టెస్టరు తీసింది. ఒక్క క్షణం ఆలోచించి, మేజోడు తడిమి ఇంకో స్క్రూడ్రైవర్ తీసింది. మేస్త్రి అది అక్కడికి ఎలా వచ్చిందా అన్నట్టు చూశాడు. కూతురు పిల్లల్ని అప్పగిస్తూ, "నాన్నా, కొనడానికి వెళ్తున్నావు, విప్పడానికి కాదు" అంది.

పర్సు మడతలో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ చూడలేదు. ఏనుగు కడుపులోంచి మిగిలిన స్క్రూ అది. దాన్ని డబ్బాలో పడేయడానికి ఎందుకో చెయ్యి రాలేదు.

బస్సులో లాయరమ్మ ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని కూర్చుంది. "బరువేమో, నేను పట్టుకుంటా" అన్నాడు మేస్త్రి. "వద్దులే" అని సంచి మూతి ఇంకాస్త బిగించింది. మంచినీళ్ళ సీసా కాబోలు అనుకున్నాడాయన. నీళ్ళ సీసా కూడా నమ్మి ఇవ్వరానివాడినయ్యానని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ కొట్టు గురించి విన్నదానికీ చూసినదానికీ పొంతన లేదు. గుమ్మంలో మనిషికి రెట్టింపు ఎత్తున ఎలుగుబంటి, లోపల కప్పు కింద పట్టాల మీద గుండ్రంగా తిరిగే రైలు, ఎటు చూసినా పిల్లలు, పిల్లల వెనక చేతుల్లో సంచులతో పెద్దలు. గుండు నోరు తెరిచింది మొదలు మూయలేదు. కదిలే మెట్ల దగ్గరికి వచ్చేసరికి ముందువాళ్ళంతా ఎక్కిపోతున్నారు, మేస్త్రి మాత్రం వంగి నిలబడిపోయాడు.

"భయమా తాతయ్యా?" అంది లాయరమ్మ.

"భయమెందుకూ? మోటారు ఎక్కడ పెట్టారా అని."

వెనక చిన్నసైజు ఊరేగింపు తయారైంది. "ఎక్కండి బాబాయ్, మోటారు వాళ్ళు చూసుకుంటార్లే" అన్నాడెవరో. గుండు తాతయ్య వేలు పట్టుకుని ముందుకు లాగాడు. ఆ రోజు పిల్లల్ని కొట్టులో తిప్పింది తాతయ్య కాదు, తాతయ్యనే పిల్లలు తిప్పారు.

పైఅంతస్తులో బొమ్మలన్నీ బయటే పెట్టి ఉన్నాయి. ముట్టుకోవచ్చు. మేస్త్రి ఒక్కోటీ తీసి మొహం వైపు చూడకుండా తిరగేసి కడుపు వైపు చూడసాగాడు. కాసేపు గమనించి, అమ్మకాల అమ్మాయి దగ్గరికొచ్చింది.

"ఏం వెతుకుతున్నారండీ? ధరా?"

"స్క్రూలమ్మా."

"బ్యాటరీ మూతకు తప్ప స్క్రూలు ఉండవండీ. అంతా అతికించేస్తారు."

"మరి పాడైతే?"

"పాడైతే పారేసి ఇంకోటి కొనుక్కుంటారు."

మేస్త్రి ఆ బొమ్మను నోరు కుట్టేసిన మనిషిని చూసినట్టు చూసి, జాలిగా అరలో పెట్టాడు. అసలు సంగతి గుర్తొచ్చి, కీ ఇచ్చే రేకు ఏనుగు కావాలన్నాడు. అవి రావడం మానేశాయంది ఆ అమ్మాయి. బదులుగా మెత్తటి బూడిదరంగు ఏనుగును తెచ్చింది. బ్యాటరీతో నడుస్తుంది, తొండం ఊపుతుంది, పలకరిస్తుంది, పాడుతుంది.

"చూడమ్మా, ఎంత బాగుందో! ముందుకే నడుస్తుంది కూడా" అన్నాడు మేస్త్రి, అమ్మేది తనే అన్నంత హుషారుగా.

లాయరమ్మ మర్యాదగా దాని తల నిమిరింది. "వద్దు తాతయ్యా."

"ఏం?"

"నాకు ఏనుగుందిగా."

"అది పాడైపోయింది కదమ్మా."

"పాడైతే? నాది కాకుండా పోతుందా?"

మేస్త్రి మెత్తటి ఏనుగును అరలో పెట్టేశాడు. "మరి ఇంతదూరం ఎందుకొచ్చావే?"

"నువ్వు రమ్మన్నావుగా."

చేసేదిలేక గుండుకు ఒక రబ్బరు బంతి కొన్నాడు. ఆ కొట్టంతటిలో తాతయ్య విప్పలేనిది అదొక్కటే కాబట్టి లాయరమ్మే దాన్ని ఎంచి ఇచ్చింది.

కిందికి దిగి, గుమ్మం పక్కనున్న బల్ల దగ్గర బిల్లు కట్టి వెనక్కి తిరిగేసరికి పిల్ల పక్కన లేదు. గబగబా చుట్టూ వెతికాడు. చూస్తే, పిల్లలు బొమ్మలు నడిపి చూసుకోవడానికి వేసిన పొడవాటి బల్ల దగ్గర గుంపు, గుంపు మధ్యలో లాయరమ్మ. గుడ్డసంచి నేల మీద ఖాళీగా పడి ఉంది. బల్ల మీద రేకు ఏనుగు డోలు వాయించుకుంటూ వెనక్కి నడుస్తోంది. ఎదురొచ్చిన కారును పిర్రతో తోసేసింది. వెనకనుంచి వచ్చిన రోబోను కూర్చోబెట్టేసింది. పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. ఒక పిల్లాడు, "అమ్మా, నాకు ఎదురు నడిచే ఏనుగే కావాలి" అని వాళ్ళమ్మ చీర పట్టుకున్నాడు.

"దీన్ని ఎందుకు తెచ్చావమ్మా?" అన్నాడు మేస్త్రి.

"అది ఇక్కడే ఉండేదిగా. దాని ఇల్లు దానికి చూపిద్దామని."

ఇన్నాళ్ళకు మేస్త్రి ఛాతీ కాస్త పొంగింది. ఆ పిల్లాడి తల్లి అక్కడి అమ్మకాల అమ్మాయిని పట్టుకుని, అలాంటిదే ఇంకోటి తీయమని అడుగుతోంది. అది దొరకదనీ, దాన్ని అలా తయారుచేసినవాడు ఇక్కడే ఉన్నాడనీ చెప్పుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. నయం, చెప్పలేదు. లాయరమ్మ ఏనుగును సంచిలో వేసుకుని, "పద తాతయ్యా" అంది.

గుమ్మం దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డుపెట్టాడు. "పాపా, ఆ సంచిలో ఏముంది?"

"ఏనుగు."

"బిల్లు చూపించండి పెద్దాయనా."

బిల్లులో బంతి ఒక్కటే ఉంది. "ఏనుగు మాదేనయ్యా, ఇంటినుంచే తెచ్చుకున్నాం" అన్నాడు మేస్త్రి. నిజమే చెబుతున్నా, గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకున్నట్టు ఆయన చేతులు జేబులు తడుముకున్నాయి.

"బల్ల మీంచి తీసి సంచిలో వేసుకోవడం నేను చూశాను కదండీ" అన్నాడు కాపలా మనిషి. మంచివాడే, గొంతు పెంచలేదు. ఆ లోటు గుండు తీర్చాడు. "తాతయ్యా, నువ్వు దొంగవా?" అని ఎలుగుబంటికి కూడా వినబడేలా అరిచాడు.

అటూ ఇటూ పోయేవాళ్ళు ఆగారు. కొట్టు చూసుకునే ఆవిడ వచ్చింది. ఏనుగును తిప్పి చూసి, "మా కొట్టు ముద్రే ఉందండీ" అంది.

"ఇక్కడే కొన్నాం కదమ్మా మరి! మా అల్లుడు కొన్నాడు, చాన్నాళ్ళయింది."

"ఆ బిల్లుందా?"

లేదు. మేస్త్రి తేలు కుట్టినవాడిలా నిలబడ్డాడు. అప్పుడు లాయరమ్మ సంచి తమ్ముడి చేతికిచ్చి ముందుకొచ్చింది.

"ఆంటీ, మీ ఏనుగులు ఎటు నడుస్తాయి?"

"ముందుకే."

లాయరమ్మ కీ ఇచ్చి బిల్లులు కట్టే బల్ల మీద పెట్టింది. ఏనుగు డోలు వాయిస్తూ వెనక్కి బయల్దేరింది. "ఇలాంటివి మీరు అమ్ముతారా?"

ఆవిడ నవ్వాపుకుంది. "అమ్మం."

"మరి! దీన్ని పాడుచేసింది మా తాతయ్యే. ఏ కంపెనీవాళ్ళకీ ఇది రాదు." ఏనుగును తిరగేసింది. "ఇదిగో, కడుపులో ఇక్కడ స్క్రూ కూడా లేదు. అది ఎక్కడుందో మా తాతయ్యకే తెలుసు."

అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆయన లాయరమ్మ వైపు చూశాడు. జేబులో వేసుకున్నవన్నీ ఈ పిల్ల ఇన్నాళ్ళూ చూస్తూనే ఉందని అప్పుడర్థమైంది. పర్సు తీశాడు, మడత విప్పాడు, స్క్రూను అరచేతిలో పెట్టి ముందుకు చాపాడు. అలవాటు కొద్దీ "కంపెనీవాడు" అనే మాట మళ్ళీ నోటిదాకా వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి, "ఇది దీనిదే" అన్నాడు. "బిగించేటప్పుడు ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు."

ఆ వీధిలో ఆయన నోట 'తెలియలేదు' అనే మాట విన్నవాళ్ళు ఎవరూ లేరు. పట్నంలో, ముక్కూమొహం తెలియనివాళ్ళ మధ్య, ఎలుగుబంటి సాక్షిగా అనేశాడు. ఆకాశం కూలలేదు. లాయరమ్మ మాత్రం తలెత్తి ఆయన్ని చాలాసేపు చూసింది.

"సరే, పెట్టి చూపించండి. సరిపోతే మీదే" అంది కొట్టు ఆవిడ. బ్యాటరీ మూతలు తీసే చిన్న స్క్రూడ్రైవర్ ఒకటి బల్ల సొరుగులోంచి తీసిచ్చింది. మేస్త్రి దాన్ని అందుకున్నాడు. కానీ ఏనుగు ఆయన దగ్గర లేదు. లాయరమ్మ చేతుల్లో ఉంది.

పిల్ల వెంటనే ఇవ్వలేదు. "స్క్రూ ఒక్కటే. ఇంకేం విప్పకూడదు."

"విప్పను."

"పాదాలు కూడా మార్చకూడదు. అది ఇలాగే ఉండాలి."

"మార్చను తల్లీ."

అప్పుడిచ్చింది. ఫ్యాను తీగ చుట్టేటప్పుడు కూడా అంత ఒద్దికగా ఉండని చేతులతో మేస్త్రి స్క్రూ పెట్టి తిప్పాడు. కొలిచి చేసినట్టు కూర్చుంది. కాపలా మనిషి వంగి చూసి, "దానిదే మేడం" అన్నాడు. మేస్త్రి గర్వంగా కీ ఇచ్చి బల్ల మీద పెట్టాడు.

ఏనుగు కదల్లేదు. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. డోలు కూడా లేదు.

"చచ్చిపోయింది" అన్నాడు గుండు.

లాయరమ్మ పెదవి వణకడం మొదలైంది. మేస్త్రికి తన వేళ్ళ దురద తెలుసు, విప్పనని ఇచ్చిన మాటా తెలుసు. ఇక మిగిలిన దారి ఒక్కటే. పెట్టిన స్క్రూను మెల్లగా వెనక్కి తిప్పాడు. పూర్తిగా బయటికి వచ్చిందో లేదో, ఏనుగు ఒక్క గెంతు గెంతి, డోలు దడదడ వాయించుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి బల్ల అంచు దాటింది. కాపలా మనిషి గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు.

లాయరమ్మ పకపకా నవ్వింది. "తాతయ్యా! కంపెనీవాడు నిజంగానే ఎక్కువ పెట్టాడు!"

కొట్టు ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, వెళ్ళిరండి అని చేత్తోనే సైగ చేసింది.

తిరుగు బస్సులో గుండు బంతి మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. కాసేపటికి లాయరమ్మకు కూడా నిద్ర ముంచుకొచ్చింది. గుడ్డసంచి తెచ్చి తాతయ్య ఒళ్ళో పెట్టింది. "పట్టుకో. లోపల చెయ్యి పెట్టకు." ఆయన రెండు చేతులూ సంచి బయటే ఉంచి, ఇల్లు చేరేదాకా ముక్కు దురద పెట్టినా తియ్యకుండా కూర్చున్నాడు. స్క్రూ మాత్రం మళ్ళీ పర్సులోకి రాలేదు. లాయరమ్మ అడిగి పుచ్చుకుంది.

"ఇంతకీ ఏం కొన్నారు?" అంది భార్య.

"బంతి."

"బంతి కోసం పట్నం దాకానా!"

పై ఆదివారం మేస్త్రి వెళ్ళేసరికి బొమ్మల గది తలుపు బార్లా తెరిచి ఉంది. బల్ల మీద పెన్సిలు చెక్కే మర, దాని పక్కన పుల్లల్లేని అగ్గిపెట్టె. అగ్గిపెట్టెలో ఏనుగు స్క్రూ.

"ఇది బాగుచెయ్యి తాతయ్యా. ఏం మిగిలినా ఇందులో వెయ్యాలి. జేబులో వేసుకోకూడదు."

మేస్త్రి కూర్చున్నాడు. విప్పాడు, లోపల ఇరుక్కున్న పెన్సిలు ముక్క తీశాడు, తుడిచాడు, ఒక్కోటీ ఎక్కడిదక్కడ పెట్టి బిగించాడు. పిల్ల కళ్ళార్పకుండా చూస్తోంది కాబట్టి కాబోలు, ఈసారి పని మహా జాగ్రత్తగా సాగింది. పిడి తిప్పితే పెన్సిలు సూదిలా వచ్చింది. బల్ల వైపు చూశాడు. శుభ్రంగా ఉంది. జీవితంలో మొదటిసారి ఏమీ మిగల్లేదు.

లాయరమ్మ బల్ల మీద చూసింది, బల్ల కింద చూసింది. "ఏం రాలేదా?" అంది. మొహం చిన్నబోయింది.

మేస్త్రి ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత నెమ్మదిగా చొక్కా జేబులో చెయ్యి పెట్టి, దొరికిన వాషరు ఒకటి వేళ్ళ సందున దాచి, మర కింద నుంచి తీసినట్టు తీశాడు.

"ఇదిగో, మర్చిపోయాను. ఇది మిగిలింది."